పాత రైడింగ్ మోవర్‌కు కొత్త ఇంజన్: ఇంట్లో బిగించి, ఒక కోత కాలం నడిపాక

నేను సమీక్షిస్తున్నది రైడింగ్ మోవర్ల (ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోత బండ్ల) కోసం విడిగా అమ్మే, ఒకే సిలిండర్ ఉన్న, షాఫ్ట్ కిందివైపుకు వచ్చే 500 సిసి తరగతి మార్పిడి ఇంజన్. దాన్ని ఇంటి షెడ్డులో నేనే బిగించుకుని, ఒక కోత కాలం పూర్తిగా, గంటల మీటరు లెక్కన 42 గంటలు నడిపిన తరువాత ఈ మాటలు రాస్తున్నాను. ఇంజన్ మంచిది, మళ్లీ అవసరం పడితే ఇదే కొంటాను. అయితే పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన హార్స్‌పవర్ అంకె నాకు ఏ పనికీ రాలేదు. ఎక్కడో లోపలి పేజీలో సన్నటి అక్షరాల్లో ఉన్న షాఫ్ట్ కొలతలు, పుస్తకంలో సరిగా చెప్పని నాలుగు వైర్లు, ఈ రెండే పని ముందుకు సాగుతుందా, ఆగిపోతుందా అన్నది తేల్చాయి. అందుకే వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

పాత ఇంజన్ ఎలా పోయిందో ముందు చెప్పడం అవసరం, ఎందుకంటే పొగ వచ్చిన ప్రతి ఇంజన్‌నూ మార్చనక్కర్లేదు. నా మోవర్‌లో మొదట నీలం పొగ మొదలైంది, ఆ తరువాత ఆయిల్ తాగడం పెరిగింది. సిలిండర్‌కూ, పుష్‌రాడ్లు (వాల్వులను తోసే కడ్డీలు) కదిలే గదికీ మధ్య సన్నటి పట్టీలా ఉండే హెడ్ గాస్కెట్ అక్కడ కాలిపోతే, మండిన వాయువు ఒత్తిడి క్రాంక్‌కేసులోకి (ఆయిల్ ఉండే కింది గదిలోకి) చొరబడి, ఆయిల్‌ను బ్రీదర్ (ఆ గదిలోని గాలి బయటికి పోయే దారి) గుండా పైకి తోస్తుంది. అది ఎయిర్ ఫిల్టర్ వైపు చేరి, ఇంజన్ పీల్చుకుని, పొగై పోతుంది. ఆ దశలో గాస్కెట్ ఒక్కటి మార్చి ఉంటే ఇంజన్ బతికేది. ఆయిల్ మట్టం చూడకుండా నేను రెండు మూడు కోతలు కానిచ్చాను. ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో బండి ఆగింది. వంగి చూస్తే బ్లాకు పక్కన బొటనవేలు పట్టేంత కన్నం, దాని అంచున తడిగా మెరుస్తున్న కనెక్టింగ్ రాడ్ ముక్క. ఆయిల్ లేక రాడ్ క్రాంక్‌ను పట్టేసి విరిగింది. బ్లాకు పగిలాక బాగుచేయించడానికి ఇక ఏమీ మిగలదు కనుక మార్పిడి తప్పలేదు. మీ ఇంజన్ ఇంకా పొగ దశలోనే ఉంటే దయచేసి ముందు లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి ఒత్తిడితో గాలి ఎక్కించి, అది ఎక్కడ కారుతుందో చూసేది) చేయించండి. మామూలు కంప్రెషన్ గేజి ఈ ఇంజన్లలో తప్పుదారి పట్టిస్తుంది: స్టార్ట్ చేసేటప్పుడు తిప్పడం తేలిక కావడానికి క్యామ్ మీద ఉండే చిన్న అమరిక ఒక వాల్వును కొద్దిగా తెరిచి ఉంచుతుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా తక్కువ అంకె చూపిస్తుంది.

కొనే ముందు పాత షాఫ్ట్‌ను వెర్నియర్‌తో కొలవాలి. రైడింగ్ మోవర్లలో ఎక్కువగా కనిపించేది ఒక అంగుళం మందం, అంటే 25.4 మిల్లీమీటర్లు, 3 5/32 అంగుళాల పొడవు, అంటే దాదాపు 80 మిల్లీమీటర్లు ఉన్న షాఫ్ట్. దాని పక్కన పావు అంగుళం వెడల్పున కీ (పుల్లీ షాఫ్ట్ మీద జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడి, కింది చివర 7/16 అంగుళాల బోల్టు పట్టే, అంగుళానికి 20 మరలున్న రంధ్రం ఉంటాయి. వెనక నడుస్తూ నెట్టే చిన్న మోవర్లలో చాలావాటి షాఫ్ట్ 7/8 అంగుళమే. బొమ్మలో చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ షాఫ్ట్ మీదే రెండు అంతస్తుల పుల్లీ ఎక్కుతుంది, ఒక అంతస్తు చక్రాలకు, మరొకటి కోత బ్లేడ్లకు. పొడవు ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా పుల్లీ తన చోటికి చేరదు, బెల్టులు వరుస తప్పి అంచులు చీలిపోతాయి. నేను కొన్న ఇంజన్ షాఫ్ట్ కొలతలు రాసినట్టే ఉన్నాయి; వెర్నియర్‌తో మూడు చోట్ల చూశాను, మందంలో తేడా కనిపించలేదు. బిగింపు రంధ్రాలు నాలుగూ పాత చట్రంలోని రంధ్రాలకు సరిపోయాయి. ఒక్క ఎత్తు మాత్రం ఎవరూ చెప్పరు: కొత్త ఎయిర్ ఫిల్టర్ మూత పాతదానికంటే కొంచెం పైకి ఉంది, బానెట్ లోపలి పక్కటెముకకు వేలి సందు మాత్రమే మిగిలింది.

హార్స్‌పవర్ విషయం కూడా ఇక్కడే ముగిస్తాను. పెట్టె మీది అంకె గ్రాస్ పవర్, అంటే ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) వారి జె1940 పద్ధతిలో నిమిషానికి 3600 చుట్ల దగ్గర ప్రయోగశాలలో లెక్కకట్టినది. మోవర్‌లో కూర్చోబెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, చార్జింగ్ అన్నీ తగిలించాక చేతికొచ్చేది అంతకంటే తక్కువే. పైగా సముద్రమట్టం నుంచి ప్రతి 1000 అడుగులకు సుమారు 3.5 శాతం, వేడి 25 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 5.6 డిగ్రీలకు 1 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. కాబట్టి ఒకటి రెండు హార్స్‌పవర్ల తేడా కోసం ఆరాటపడడం దండగ. రెండు సిలిండర్ల ఇంజన్‌కు మారాలన్న కోరిక నాకూ కలిగింది, దాని నడక మెత్తగా ఉంటుందన్నది నిజమే. కాని దానికి సైలెన్సర్ పైపులు వేరు, వైర్ల అమరిక వేరు, బానెట్ కింద చోటూ వేరు. పాతది ఒక సిలిండర్ అయితే కొత్తదీ ఒక సిలిండరే తీసుకోవడం నా దృష్టిలో సరైన నిర్ణయం.

పెట్టె విప్పితే ప్యాకింగ్ బాగుంది. షాఫ్ట్‌కు మైనం లాంటి పూత పూసి, అట్ట గొట్టం తొడిగారు. చిన్న గీత కూడా పడలేదు. కార్బురేటర్, సెల్ఫ్ మోటార్, ఇగ్నిషన్ కాయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు ఇంజన్‌కే బిగించి వచ్చాయి. సైలెన్సర్ లేదు, ఆయిల్ లేదు, షాఫ్ట్ గాడిలో కూర్చునే కీ కూడా లేదు. మొదటి రెండూ ఉండవని అమ్మేవారి పేజీలోనే రాసి ఉంది, వాటిని తప్పు పట్టను. వేలెడంత కూడా లేని ఆ ఇనుప కీని పెట్టెలో వేయకపోవడం మాత్రం అన్యాయమే. పాత కీ అంచులు నలిగి ఉంటే దాన్ని తిరిగి వాడకూడదు. వదులైన కీ కొత్త షాఫ్ట్ గాడిని తినేస్తుంది.

పాత ఇంజన్ దించే పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది పుల్లీ. బ్యాటరీ నెగటివ్ వైరు, ప్లగ్గు వైరు ముందుగా తీసి, పెట్రోలు ఆరుబయట ఖాళీ చేసి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టవద్దు. పుల్లీ బోల్టు విప్పబోతే దానితోపాటు క్రాంకూ తిరుగుతుంది. అనుభవజ్ఞులు ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు లోపలికి దూర్చి, పిస్టన్‌ను పైకి రాకుండా ఆపి విప్పుతారు. చక్కటి ఉపాయమే, కాని నా ఇంజన్‌లో రాడ్ విరిగింది కనుక పిస్టన్‌కూ క్రాంక్‌కూ సంబంధమే లేదు, తాడు ఎంత దూర్చినా క్రాంక్ తిరుగుతూనే ఉంది. చివరకు ఒక మిత్రుడి ఇంపాక్ట్ రెంచ్ తెస్తే బోల్టు రెండు క్షణాల్లో వచ్చింది. పుల్లీ మాత్రం రాలేదు. పన్నెండేళ్ల తుప్పు దాన్ని షాఫ్ట్‌తో ఏకం చేసింది. తుప్పు వదిలించే నూనె సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు మరోసారి పోసి, మర్నాడు ఉదయం మూడు కాళ్ల పుల్లర్ వేసి బిగిస్తూ, మధ్యమధ్య పుల్లర్ తల మీద సుత్తితో ఒక్కొక్క దెబ్బ వేస్తే, అయిదో దెబ్బకు చిటుక్కుమని కదిలింది. ఎర్రటి పొడి రాలి, కీ గాడి పొడుగునా సన్నటి వెలుతురు గీత కనిపించింది. పుల్లీ లోపలి తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త షాఫ్ట్ మీద చేతితో నెడితే జారేదాకా శుభ్రం చేయాలి. కొత్త షాఫ్ట్ మీద సుత్తి దెబ్బ ఒక్కటి కూడా పడకూడదు, లోపలి బేరింగులు పాడవుతాయి. మళ్లీ పట్టేయకుండా షాఫ్ట్‌కు యాంటీ సీజ్ పేస్టు పలచగా పూసి, బోల్టును టార్క్ రెంచ్‌తో, మోవర్ పుస్తకంలో చెప్పినంత బలంతో బిగించాను.

ఇంజన్ బరువు ముప్పై కిలోలకు పైమాటే. ఇద్దరు పట్టుకుంటే సునాయాసంగా దిగుతుంది. ఒక్కరే ప్రయత్నిస్తే షాఫ్ట్ చట్రం అంచుకు తగిలే ప్రమాదం ఉంది. ఆ తరువాత నాలుగు బోల్టులు, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

వైర్ల సంగతి వేరు. ఇంజన్‌తో వచ్చిన పుస్తకం చాలా మందంగా ఉంది, అనేక భాషల్లో హెచ్చరికలున్నాయి, కాని ఏ వైరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే బొమ్మలు రెండే, అవీ వేలిముద్రంత. పాత ఇంజన్ కనెక్టర్ కొత్తదానికి సరిపోలేదు కనుక ప్రతి వైరునూ నేనే గుర్తుపట్టాల్సి వచ్చింది. ఇంజన్‌కు సంబంధించినంతవరకు ఉండేవి నాలుగే. బ్యాటరీ నుంచి సోలినాయిడ్ (కరెంటు అందితే అయస్కాంతంలా లాగి పనిచేసే మీట) గుండా సెల్ఫ్ మోటార్‌కు వెళ్లే లావు వైరు ఒకటి. అది అందరికీ తెలిసినదే. రెండవది ఇంజన్‌ను ఆపే వైరు. ఇది ఇగ్నిషన్ కాయిల్ నుంచి వస్తుంది, తాళం ఆపితే బాడీకి కలిసి నిప్పురవ్వను చంపేస్తుంది. దీనికి పొరపాటున బ్యాటరీ కరెంటు తగిలిస్తే కాయిల్ కాలిపోతుంది, కొత్త ఇంజన్ తిప్పకముందే ఖర్చు మొదలవుతుంది. మూడవది కార్బురేటర్ గిన్నె అడుగున ఉండే చిన్న సోలినాయిడ్‌కు వెళ్లేది. తాళం తిప్పినప్పుడు 12 వోల్టులు అందితేనే అది పెట్రోలు దారి తెరుస్తుంది, ఆపగానే మూసేస్తుంది; వేడి సైలెన్సర్‌లో పెట్రోలు మండి ఢామ్మని పేలకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. నాలుగవది చార్జింగ్ వైరు.

రెండవ, మూడవ వైర్లు తారుమారు కాకుండా చూసుకోవడానికి మల్టీమీటర్ ఒకటే దారి. తాళం ఆపి ఉన్నప్పుడు మోవర్ వైపు వైర్లలో ఏది బాడీతో కలిసి ఉందో, తాళం తిప్పగానే ఏది విడిపోతుందో అదే ఇంజన్‌ను ఆపే వైరు. తాళం తిప్పినప్పుడు 12 వోల్టులు చూపి, స్టార్ట్ వైపు తిప్పి పట్టుకున్నప్పుడూ ఆ వోల్టులు నిలిచి ఉంటే అది పెట్రోలు సోలినాయిడ్‌ది. స్టార్ట్ స్థానంలో అది పోతే సెల్ఫ్ ఎంత తిప్పినా ఇంజన్ అందుకోదు. చార్జింగ్‌లో ఇంకో మెలిక ఉంది. నా పాత ఇంజన్‌లో రెండు తీగలు బయటికి వచ్చేవి: డయోడ్ గుండా బ్యాటరీకి ఒకటి, నేరుగా ఏసీ కరెంటుతో హెడ్‌లైట్లకు ఇంకొకటి. కొత్తదానిలో రెగ్యులేటర్ ఉంది, బయటికి వచ్చేది ఒక్క తీగే. అందువల్ల హెడ్‌లైట్లను బ్యాటరీ వైపు స్విచ్‌కు మార్చి, ఫ్యూజు వేయవలసి వచ్చింది. ఈ ముక్క పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్నా ఒక సాయంత్రం మిగిలేది. బ్లేడ్లను కరెంటు క్లచ్‌తో కలిపే మోవర్ ఉన్నవారు కొనేముందు చార్జింగ్ ఎన్ని ఆంపియర్లో తప్పక అడగాలి. ఆ క్లచ్ ఒక్కటే నాలుగు ఆంపియర్ల దాకా లాగుతుంది. మూడు ఆంపియర్ల చార్జింగ్ ఉన్న ఇంజన్ పెడితే గడ్డి కోస్తూండగానే బ్యాటరీ దిగిపోతుంది. నా మోవర్‌లో చేతి లివరుతో బెల్టు బిగించే పద్ధతి కనుక ఆ బాధ లేదు.

పాత సైలెన్సర్ మూతి, కొత్త ఇంజన్ మూతి సరిగ్గా కలిశాయి, కాని పైపు వంపు చట్రం పెదవికి ఆనుకుంది. ఆనుకున్న పైపు అదురుకు పగులుతుంది, కాబట్టి సైలెన్సర్ పట్టీ రంధ్రాన్ని ఆకురాయితో కాస్త పొడవుగా చేసి పక్కకు జరిపాను. గాస్కెట్ కొత్తది వేశాను. పెట్రోలు పైపు, ఫిల్టర్ కూడా కొత్తవే పెట్టి, ట్యాంకు కడిగాను. పాత ట్యాంకు అడుగున చేరిన జిగురు కొత్త కార్బురేటర్‌లోకి వెళ్తే అంత శ్రమా వృథా. యాక్సిలరేటర్ కేబుల్ బిగించేటప్పుడు లివరును పూర్తిగా చోక్ దాకా తోసి, చోక్ రేకు నిజంగా మూసుకుందో లేదో కళ్లతో చూసి అప్పుడు క్లిప్పు బిగించాలి. నేను మొదట కేబుల్ పొడవును అంచనాతో బిగించాను, రేకు మూడొంతులే మూసుకునేది.

ఆయిల్ 1.4 లీటర్లు, ఎస్‌ఏఈ 30 రకం, ఒకేసారి గుమ్మరించకుండా డిప్‌స్టిక్ చూసుకుంటూ పోశాను. తాళం తిప్పితే టిక్ అన్న శబ్దం తప్ప ఏమీ లేదు. బ్యాటరీ నిండుగా ఉంది. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, మరో కొసను ఇంజన్ బ్లాకు మీద పెట్టి తాళం తిప్పితే నాలుగు వోల్టులకు పైగా చూపింది; అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. ఎర్తింగ్ వైరు కొసను నేను బిగించిన చోట కొత్త ఇంజన్ నల్ల రంగు పూత అలాగే ఉంది. రూపాయి బిళ్ళంత మేర రంగు గీకి, లోహం మెరిసేలా చేసి తిరిగి బిగిస్తే సెల్ఫ్ జోరుగా తిరిగింది. అయినా ఇంజన్ అందుకోలేదు. ప్లగ్గు విప్పి చూస్తే పొడిగా ఉంది, అంటే పెట్రోలు రావడం లేదు. కార్బురేటర్ అడుగున వేలు ఆనించి, ఎవరైనా తాళం తిప్పితే వేలికి టక్ అని తెలియాలి, తెలియలేదు. కనెక్టర్‌లో పిన్ను వెనక్కి జారిపోయి ఉంది. దాన్ని ముందుకు నెట్టగానే టక్ అంది, మూడో చుట్టుకే ఇంజన్ అందుకుంది. ఈ రెండు ఆటంకాల్లో ఇంజన్ లోపం ఏమీ లేదని న్యాయంగా ఒప్పుకోవాలి. ఎర్తింగ్ దగ్గర రంగు గీకమని పుస్తకంలో ఒక్క మాట ఉంటే మాత్రం బాగుండేది.

నడక విషయానికి వస్తే, చలి ఉదయాల్లో కూడా చోక్‌తో మొదటి ప్రయత్నంలోనే అందుకుంటోంది. అదురు పాత ఇంజన్ కొత్తలో ఎంత ఉండేదో అంతే. ఒక సిలిండర్ ఇంజన్ నుంచి అంతకంటే తక్కువ ఆశించకూడదు. తడిసి ఏపుగా పెరిగిన గడ్డిలోకి వెళ్లినప్పుడు గవర్నర్ (ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే అమరిక) వెంటనే స్పందిస్తోంది, చప్పుడు ఒక్క క్షణం బరువెక్కి, మళ్లీ నిలదొక్కుకుంటోంది. పూర్తి యాక్సిలరేటర్ మీద చుట్లు కొలిచే మీటరు నిమిషానికి 3350 చూపింది, గరిష్ఠ పరిమితి అయిన 3600కు లోపలే ఉంది కనుక గవర్నర్ స్ప్రింగును నేను ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దు. కొలిచేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఈ ఇంజన్లలో ప్లగ్గు ప్రతి చుట్టుకూ ఒకసారి రవ్వ కొడుతుంది, మీటరును ఆ లెక్కకు పెట్టకపోతే అంకె సగమో రెట్టింపో వస్తుంది. బ్యాటరీ దగ్గర చార్జింగ్ 14 వోల్టులకు కొంచెం పైన స్థిరంగా ఉంది.

మొదటి గంట నడిపాక బిగింపు బోల్టులు, సైలెన్సర్ బోల్టులు మరోసారి చూశాను. సైలెన్సర్‌వి రెండూ పావు చుట్టు బిగిశాయి. అయిదు గంటలకే ఆయిల్ మార్చాను. ఆ ఆయిల్‌ను తెల్లటి గిన్నెలో పోసి ఎండలో పట్టి చూస్తే వెండి పొడి కలిపినట్టు తళుకుమంటూ కదిలింది. కొత్త భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకునేటప్పుడు రాలే లోహం అది, అందుకే మొదటి ఆయిల్‌ను ఎక్కువ కాలం ఉంచకూడదు. 40 గంటలకు తీసిన ఆయిల్‌లో ఆ తళుకు లేదు. రెండు మార్పుల మధ్య ఆయిల్ మట్టం డిప్‌స్టిక్ మీద వెంట్రుకవాసి కూడా దిగలేదు.

ఇంజన్‌కు అయిదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను, తగ్గించిన అర మార్కు కీ కోసం. పుస్తకానికి ఒకటిన్నర కంటే ఇవ్వలేను. పానాలు పట్టడం అలవాటై, మల్టీమీటర్ వాడడం తెలిసి, రెండు రోజుల తీరిక ఉన్నవారు నిశ్చింతగా కొనవచ్చు. బ్లేడ్ల డెక్కు, గేర్‌బాక్సు బాగున్న మోవర్‌కు ఇది సరైన ఖర్చు. డెక్కు తుప్పుపట్టి చిల్లులు పడినా, గేర్‌బాక్సు జారుతున్నా ఇంజన్ మీద డబ్బు పెట్టవద్దు. వైర్ల దగ్గర జంకే వారు ఇంజన్‌ను తామే కూర్చోబెట్టి, కరెంటు పని వరకు తెలిసినవారి చేత చేయించుకోవచ్చు, అది గంట పని. నా మోవర్‌లో ఇక మిగిలింది పాత యాక్సిలరేటర్ కేబుల్. క్లిప్పు దగ్గర దాని తొడుగు పగిలింది, వచ్చే కోత మొదలయ్యేలోగా మార్చాలి.